అల్లోపియస్ గ్రాసిలే: ఒక చిన్న నేల నత్త గుర్తింపు

అల్లోపియస్ గ్రాసిలే ఉష్ణమండల దేశాల పెరటి తోటల్లో, పొలం గట్ల వెంబడి, పూలకుండీల అడుగున, కుళ్లుతున్న ఆకుల మధ్య విరివిగా కనిపించే చిన్న నేల నత్త. దీని గుల్ల పొడవుగా, కొనవైపు క్రమంగా సన్నబడుతూ, మొద్దుబారిన సూది ఆకారంలో ఉంటుంది. బాగా ఎదిగినప్పుడు సాధారణంగా 7 నుంచి 12 మిల్లీమీటర్ల పొడవు, సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. భారతదేశంలో సేకరించిన నమూనాల ఆధారంగా 1834లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ జాతి ఎంత విరివిగా దొరుకుతుందో, అంత తరచుగా ఇతర జాతులతో పొరబాటు పడటానికీ అవకాశమిస్తుంది. ఇదే ఆకారంలో, ఇంచుమించు ఇదే పరిమాణంలో, ఇదే చోట బతికే జాతులు మరికొన్ని ఉండటం, ఎదిగిన గుల్లకూ ఎదగని గుల్లకూ మధ్య స్పష్టమైన హద్దు లేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. ఏ ఒక్క లక్షణమూ ఈ నత్తకు పేరు నిర్ధారించలేదు. గుల్ల అడుగుభాగం, ఉపరితలం, చుట్ల లెక్క, శరీర నిర్మాణం, దొరికిన చోటు కలిసి ఒకే జాతిని సూచించినప్పుడు మాత్రమే గుర్తింపు నిలబడుతుంది.

వర్గీకరణ, నామ చరిత్ర

నత్తలు మొలస్కా వర్గంలోని ఉదరపాదులు, అంటే పొట్ట అడుగున ఉన్న కండర పాదంతో పాకే జీవులు. వీటిలో మొప్పలకు బదులు ఊపిరితిత్తి వంటి గదితో గాలి పీల్చుకుంటూ, రెండు జతల స్పర్శకాలు కలిగి, పై జత చివర కళ్లు ఉండే నేల నత్తల సమూహానికి అల్లోపియస్ గ్రాసిలే చెందుతుంది. ఈ సన్న గుల్లల నత్తలను చాలాకాలం సుబులినిడే అనే ప్రత్యేక కుటుంబంగా పరిగణించారు. అణుస్థాయి అధ్యయనాల తర్వాత దాన్ని అకాటినిడే కుటుంబంలో ఒక ఉపకుటుంబంగా చూడటం మొదలైంది. అంటే, పంటలను నాశనం చేసే ఆఫ్రికా రాక్షసి నత్తకూ, వేలి గోరు మీద ఇమిడిపోయే ఈ నత్తకూ దగ్గరి చుట్టరికం ఉంది.

ఈ జాతిని మొదట వర్ణించిన థామస్ హట్టన్ ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో అధికారి. ఆయన ఉత్తర భారతదేశంలో సేకరించిన నేల నత్తల గురించి 1834లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాసిన వ్యాసంలో దీనికి బులిమస్ గ్రాసిలిస్ అని పేరు పెట్టారు. ఆ కాలంలో నిలువుగా పొడవుగా ఉన్న నేల నత్తల్లో చాలావాటిని బులిమస్ అనే ఒకే ప్రజాతిలో వేసేవారు. తరువాత గుల్ల రూపాన్ని బట్టి ఇది ఒపియస్ ప్రజాతిలోకి మారింది, మరికొన్నాళ్లకు లామెల్లాక్సిస్‌లోకి మారింది. అమెరికన్ శాస్త్రవేత్త హెచ్.బి. బేకర్ 1935లో ఈ జాతినే ప్రమాణంగా తీసుకుని అల్లోపియస్ విభాగాన్ని ఏర్పరచారు. ఇప్పుడు చలామణిలో ఉన్న పేరు అదే. పాత గ్రంథాలు చదివేవారికి ఈ మార్పులు తెలియడం అవసరం. 1906లో పిల్స్‌బ్రి ఈ సమూహం మీద వెలువరించిన బృహద్గ్రంథంలోనూ, బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో గ్యూడ్ 1914లో రాసిన సంపుటంలోనూ ఈ నత్త ఒపియస్ కింద కనిపిస్తుంది. పసిఫిక్ దీవుల పురావస్తు నివేదికల్లో లామెల్లాక్సిస్ గ్రాసిలిస్‌గా ఉంటుంది. పేర్లు వేరైనంత మాత్రాన జాతులు వేరని భావించి ఒకే నత్తను రెండుసార్లు జాబితాకెక్కించే ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది.

గుల్ల నిర్మాణం

గుల్లను పరిశీలించేటప్పుడు కొన పైకి, తెరిచి ఉన్న భాగం చూసేవారి వైపుకు ఉండేలా పట్టుకోవడం ప్రపంచమంతటా పాటించే పద్ధతి. అలా పట్టుకున్నప్పుడు తెరిచిన భాగం కుడివైపు ఉంటే ఆ గుల్లను కుడిచుట్టు గుల్ల అంటారు. అల్లోపియస్ గ్రాసిలే కుడిచుట్టు గుల్లే. నత్త శరీరం బయటికి వచ్చే ఆ భాగాన్ని ముఖద్వారం అని, గుల్ల తన చుట్టూ తాను ఒక్కసారి పూర్తిగా తిరిగిన మేరను చుట్టు అని, ఒక చుట్టు మరో చుట్టుతో కలిసేచోట కనిపించే పల్లపు గీతను సంధి రేఖ అని వ్యవహరించవచ్చు. చుట్లన్నీ ఏ అక్షం చుట్టూ తిరుగుతాయో ఆ అక్షం వెంట గుల్ల లోపల నిలువుగా ఏర్పడే సున్నపు కడ్డీ అక్ష స్తంభం. దాని కింది చివర ముఖద్వారం లోపలి అంచులో బయటికి కనిపిస్తుంది. గుర్తింపులో అన్నిటికన్నా ముందు చూడవలసినది ఆ చివరనే.

ఎదిగిన అల్లోపియస్ గ్రాసిలే గుల్లలో సాధారణంగా 7 నుంచి 9 చుట్లు ఉంటాయి. అవి మితంగా ఉబ్బి ఉంటాయి, వాటి మధ్య సంధి రేఖ స్పష్టంగా దిగబడి ఉంటుంది. కొన మొనదేలి ఉండదు, గుండ్రంగా మొద్దుబారి ఉంటుంది. గుడ్డులో ఉన్నప్పుడే ఏర్పడిన ఈ తొలి చుట్ల భాగాన్ని తొలిగుల్ల అంటారు. ముఖద్వారం నిలువుగా సాగిన అండాకారంలో ఉండి పై కోణం ఇరుకుగా, అడుగు గుండ్రంగా ఉంటుంది. బయటి అంచు పలుచగా, పదునుగా ఉంటుంది. వెలుపలికి మడత పడదు, లోపల పళ్ల వంటి సున్నపు బొడిపెలు ఏర్పడవు. అక్ష స్తంభం ఇంచుమించు నిటారుగా దిగి, ఎక్కడా తెగకుండా, ముఖద్వారపు కింది అంచులో నునుపుగా కలిసిపోతుంది. స్తంభపు అంచు కొద్దిగా వెనక్కి మడిచినట్టుండి, దాని వెనుక నాభి రంధ్రం అనే సన్నని చీలిక లాంటి గుంటను పాక్షికంగా కప్పుతుంది.

తాజా గుల్ల లేత పసుపు లేదా తేనె రంగు ఛాయతో, లోపలి శరీరం మసకగా కనిపించేంత పారదర్శకంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. కంటికి నునుపుగా కనిపించినా, పదిరెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం కింద ఏటవాలు వెలుతురులో పట్టి చూస్తే, ఎదుగుదల గీతలు క్రమం లేకుండా, ఒకటి కాస్త లోతుగా మరొకటి తేలికగా నిలువునా దిగుతూ కనిపిస్తాయి. వెలుతురు నేరుగా పడితే ఈ గీతలు కనబడవు, అందువల్ల దీపాన్ని పక్కకు జరిపి చూడాలి. నత్త చనిపోయిన తర్వాత గుల్ల మీది పలుచని సేంద్రియ పొర మొదట ఊడిపోతుంది, ఆపై గుల్ల సున్నంలా తెల్లబడుతుంది. ఎండకు, వానకు ఆరుబయట పడి ఉన్న అలాంటి గుల్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి కాబట్టి ఉపరితల లక్షణాల మీద ఆధారపడి దానికి పేరు పెట్టడం సరికాదు.

చుట్లను లెక్కించడం

ఈ జాతి గుర్తింపులో అతి చిక్కైన సమస్య వయసుది. పొట్టి పీపా ఆకారపు నత్తలు అనేకం ఎదుగుదల పూర్తి కాగానే ముఖద్వారపు అంచును మందంగా చేసుకుని, వెలుపలికి మడిచి, లోపల పళ్లు ఏర్పరచుకుంటాయి. కాబట్టి అలాంటి గుల్ల చేతికి రాగానే అది ఎదిగినదా కాదా అన్నది తేలిపోతుంది. అల్లోపియస్‌లోనూ దాని దగ్గరి బంధువుల్లోనూ అలాంటి ముగింపు గుర్తు ఉండదు. నాలుగు చుట్ల పిల్ల గుల్ల అంచు కూడా ఎనిమిది చుట్ల పెద్ద గుల్ల అంచులాగే పలుచగా ఉంటుంది. అందువల్ల ఒక పెద్ద జాతి పిల్లను మరో చిన్న జాతి పెద్దగా భావించడం సులభం, పాత జాబితాల్లోని అనేక సందేహాస్పదమైన పేర్లకు ఇదే మూలం కావచ్చు.

దీనికి పరిష్కారం, మొత్తం పొడవును మొత్తం పొడవుతో పోల్చకుండా, సమానమైన చుట్ల దగ్గర కొలతలు పోల్చడం. ముందుగా గుల్లను కొనవైపు నుంచి కిందికి చూస్తూ, సంధి రేఖ మొదలయ్యే బిందువును పట్టుకుని, ఆ బిందువు గుండా ఒక సరళరేఖ గీసినట్టు ఊహించుకోవాలి. ఆ రేఖను సంధి రేఖ ఎన్నిసార్లు దాటితే అన్ని చుట్లు పూర్తయినట్టు. చివర మిగిలిన భాగాన్ని పావు, అర, ముప్పావు చుట్లుగా కలపాలి. ఆ తర్వాత, చేతిలో ఉన్నది ఐదు చుట్ల గుల్ల అయితే, దాన్ని ఒక నిర్ధారిత పెద్ద గుల్లలో కొన నుంచి ఐదో చుట్టు వరకు ఉన్న భాగంతోనే పోల్చాలి. ఆ చుట్టు వెడల్పులు సరిపోలి, చుట్ల ఉబ్బు, సంధి రేఖ ఏటవాలు కూడా కలిస్తే అది అదే జాతి పిల్ల కావడానికి అవకాశం ఎక్కువ. ఐదో చుట్టుకే చాలా వెడల్పైపోయిన గుల్ల, ఎంత పొట్టిగా ఉన్నా, వేరే జాతిదని అనుమానించాలి. సంఖ్యలతో పని చేసే ఈ పద్ధతి విసుగు పుట్టిస్తుందన్నది నిజమే, కానీ కంటి అంచనా కన్నా ఇది ఎన్నో రెట్లు నమ్మదగినది.

ఎదుగుదలకు మరో ప్రత్యక్ష సాక్ష్యం గుడ్లు. ఈ నత్తలు ఉభయలింగులు; ఒకే శరీరంలో స్త్రీ, పురుష అవయవాలు రెండూ ఉంటాయి. సున్నపు పెంకు గల గుండ్రని తెల్లని గుడ్లు కొద్ది సంఖ్యలో శరీరంలో వరుసగా తయారై, పారదర్శకమైన గుల్ల గుండా చివరి చుట్లలో చుక్కల్లా కనిపిస్తాయి. గుడ్లు కనిపిస్తున్న గుల్ల ఎదిగిన నత్తదేనని నిస్సందేహంగా చెప్పవచ్చు.

పోలిక గల జాతులు

అల్లోపియస్ గ్రాసిలేతో అందరూ మొదట పొరబడేది సుబులినా ఆక్టోనాతో. 1789లో బ్రూగియేర్ వర్ణించిన ఈ జాతి కూడా తోటలు, నర్సరీల వెంట ఉష్ణమండలమంతటా వ్యాపించింది. దాని గుల్ల మరింత పొడవుగా పెరగగలదు, 15 మిల్లీమీటర్లు దాటిన గుల్లలు కూడా దొరుకుతాయి; చుట్లు 8 నుంచి 11 వరకు ఉంటాయి, ఉబ్బు కూడా కాస్త ఎక్కువ. అయితే పొడవు నమ్మదగిన గుర్తు కాదు కాబట్టి అక్ష స్తంభం చివరను చూడాలి. సుబులినాలో ఆ స్తంభం కిందికి దిగుతూ దిగుతూ అడ్డంగా తెగినట్టు హఠాత్తుగా ఆగిపోతుంది. తెగినచోటికీ ముఖద్వారపు కింది అంచుకూ మధ్య చిన్న గాడి ఏర్పడుతుంది. అల్లోపియస్‌లో ఆ తెగుడు ఉండదు, స్తంభం అంచులో కలిసిపోతుంది. ముఖద్వారాన్ని కొద్దిగా ఎడమకు తిప్పి లోపలి అంచు వెంట చూపును కిందికి నడిపిస్తే ఈ తేడా చేతి భూతద్దంలోనే తెలిసిపోతుంది. అంచు విరిగిన గుల్లలో మాత్రం విరుపును తెగుడుగా భ్రమించే అవకాశం ఉంది. నిజమైన తెగుడు నునుపుగా, నిగారింపుతో ఉంటుంది, విరుపు గరుకుగా ఉంటుంది.

రెండో గుంపు అల్లోపియస్ సొంత బంధువులది, ఇక్కడ పని మరింత సున్నితం. అల్లోపియస్ క్లావులినం గుల్ల తక్కువ చుట్లతో, వెడల్పు కాస్త ఎక్కువై దుక్కగా ఉంటుంది. అల్లోపియస్ మైక్రా గుల్ల మీద ఎదుగుదల గీతలు బలపడి, దగ్గర దగ్గరగా, క్రమంగా అమరిన సన్నని పక్కటెముకల్లా ఉంటాయి. గ్రాసిలేలోని అక్రమమైన తేలిక గీతలతో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టం. ఒపియస్ హన్నెన్సే గుల్ల ఇంకా చిన్నది. దాన్ని పక్కనుంచి చూసినప్పుడు ముఖద్వారపు బయటి అంచు మధ్యలో ముందుకు వంపు తిరిగి, పైన సంధి రేఖ దగ్గర వెనక్కి జరిగి ఉంటుంది. గ్రాసిలే అంచులో ఆ వంపు స్వల్పం. ఎదుగుదల గీతలు గతంలో అంచు ఉన్న స్థానాలే కాబట్టి, అంచు విరిగిపోయిన గుల్లలో కూడా గీతల వంపును చూసి అంచు వంపును తెలుసుకోవచ్చు. పరోపియస్ అకాటినేసియం కథ వేరు. 1846లో ఫైఫర్ వర్ణించిన ఈ ఆసియా నత్తను, బయటి రూపం దగ్గరగా ఉండటం వల్ల, అల్లోపియస్ నుంచి వేరుచేయడం కష్టంగా ఉండేది. 1994లో ఫ్రెడ్ నాగ్స్ దాని పునరుత్పత్తి అవయవాల నిర్మాణాన్ని వివరించి ఆ ప్రజాతిని కొత్తగా నిర్వచించారు. గుల్ల మాత్రమే చేతిలో ఉన్నప్పుడు ఈ రెంటి విషయంలో జాగ్రత్తగా ఉండటమే మంచిది.

మూడో పొరబాటు ఒక వేట నత్తతో జరుగుతుంది, ఈ వ్యాసంలో ప్రస్తావించిన నత్తలన్నిటిలో బహుశా అన్నిటికన్నా ఆసక్తికరమైనది అదే. హట్టొనెల్లా బైకలర్‌ను కూడా 1834లో హట్టనే వర్ణించారు, దాని ప్రజాతి పేరు ఆయన పేరు మీదుగానే వచ్చింది. ఇది స్ట్రెప్టాక్సిడే అనే మాంసాహార నత్తల కుటుంబానికి చెందినది. సన్న గుల్లల నత్తలను వేటాడి తింటుంది, అందువల్ల తన ఆహారం ఉన్న రాతి కిందే తానూ దొరుకుతుంది. 6 నుంచి 7 మిల్లీమీటర్ల పొడవున్న దాని గుల్ల కొనవైపు అంతగా సన్నబడదు, కొసదాకా ఒకే లావుతో గొట్టంలా ఉంటుంది. ఎదిగినప్పుడు ముఖద్వారపు అంచు తెల్లగా, మందంగా వెలుపలికి మడత పడి, లోపల పళ్లు ఏర్పడతాయి. బతికి ఉన్నప్పుడు పసుపు, నారింజ, ఎరుపు ఛాయల శరీరం గుల్ల గుండా ప్రకాశవంతంగా కనిపిస్తుంది. అయితే దాని పిల్లల గుల్లల్లో పళ్లు ఇంకా రావు, అంచు పలుచగానే ఉంటుంది. అలాంటి ఖాళీ గుల్ల దొరికినప్పుడు గొట్టపు ఆకారమే ప్రధాన ఆధారం.

ఇవి కాక మరికొన్నిటిని త్వరగానే వేరుచేయవచ్చు. జూటెకస్ ఇన్సులారిస్ పొడి ప్రాంతాల నత్త; దాని తెల్లని, మందమైన, పారదర్శకం కాని గుల్లను ఒకసారి చూస్తే మరచిపోవడం కష్టం. ఆఫ్రికా రాక్షసి నత్త పిల్లలు గుడ్డు నుంచి బయటపడినప్పుడు కొద్ది మిల్లీమీటర్లే ఉన్నా, చుట్లు తక్కువై, గుల్ల ఉబ్బెత్తుగా గుండ్రంగా ఉంటుంది, అక్ష స్తంభం తెగి ఉంటుంది. గ్లెసులా ప్రజాతిలోనూ స్తంభం తెగే ఉంటుంది. దాని గుల్ల మెరుపుతో, కదురులా నడుమ లావై ఉంటుంది. గ్లెసులా భారతదేశంలోనూ శ్రీలంకలోనూ ఎక్కువ జాతులుగా విస్తరించిన ప్రజాతి. తిరుపతి కొండల బంగారు బల్లిని 1870లో వర్ణించిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ ఈ నత్తల మీద కూడా 1906లో ఒక వ్యాసం ప్రచురించారు. తూర్పు కనుమల అడవుల్లో సన్నని నత్త దొరికినప్పుడు, అది తోటల్లోని అల్లోపియస్ అని అనుకునేముందు, గ్లెసులా కాదని నిర్ధారించుకోవాలి.

శరీరం లోపలి ఆధారాలు

గుల్ల తేల్చలేని సందేహాన్ని శరీరం తేల్చవచ్చు. నత్త నోటిలో రాడ్యులా అనే పట్టీ ఉంటుంది. దాని మీద సూక్ష్మమైన పళ్లు అడ్డ వరుసల్లో అమరి, ఆహారాన్ని గీకి లోపలికి తీసుకోవడానికి తోడ్పడతాయి. అల్లోపియస్, దాని బంధువుల్లో ప్రతి వరుసలో నట్టనడుమ ఉండే పన్ను పక్క పళ్లకన్నా బాగా సన్నగా, చిన్నదిగా ఉంటుంది. వేట నత్తల పళ్లు కొడవలి మొనల్లా వంగి పదునుగా ఉంటాయి. కాబట్టి రాడ్యులా కుటుంబాన్ని నిస్సందేహంగా చెబుతుంది గానీ, దగ్గరి జాతులను వేరుచేయడానికి పునరుత్పత్తి అవయవాలే ఎక్కువ ఉపయోగపడతాయి. కొద్ది మిల్లీమీటర్ల శరీరాన్ని విచ్ఛేదించడానికి సూదులు, సూక్ష్మదర్శిని, నిలకడైన చేయి కావాలి. ఈ నైపుణ్యం ఉన్నవారు దేశంలో తక్కువ, నేర్పేవారు ఇంకా తక్కువ.

ఇటీవలి కాలంలో మైటోకాండ్రియాలోని ఒక జన్యు భాగపు క్రమాన్ని చదివి జాతిని పోల్చే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇది బలమైన సాధనమే అయినా, పోలిక కోసం నిల్వ ఉంచిన క్రమానికి పెట్టిన పేరు సరైనదైతేనే ఫలితం సరైనదవుతుంది. గుల్లను చూడకుండా పేరు పెట్టిన నమూనా ఒకటి ఆ నిల్వలో చేరితే, ఆ తప్పు తర్వాతి గుర్తింపులన్నిటిలోకీ పాకుతుంది. అందుకే జన్యు క్రమం తీసిన నత్త గుల్లను పారేయకుండా సంఖ్యతో సహా భద్రపరచడం ఇప్పుడు తప్పనిసరిగా పాటించవలసిన నియమం.

ఆవాసం, వ్యాప్తి

అల్లోపియస్ గ్రాసిలే ప్రధానంగా కుళ్లిన ఆకులు, సేంద్రియ పదార్థం తిని బతుకుతుంది, అప్పుడప్పుడు లేత మొలకలను కూడా కొరుకుతుంది. తేమ, నీడ, సున్నం దొరికే ప్రతిచోటా ఉంటుంది: ఎరువు కుప్ప అంచున, అరటి దుబ్బు మొదట్లో, తడి ఇటుకల కింద, పాత సున్నపు గోడల వెంబడి. ఎండాకాలంలో మట్టిలోకి దిగి ముడుచుకుని ఉండి, తొలకరి తర్వాత పైకి వస్తుంది. భారతదేశంలో మైదాన ప్రాంతాలన్నిటా విస్తరించిన ఈ నత్తను తెలుగు ప్రాంతాల పెరళ్లలో వెతకడానికి వానాకాలపు తొలి వారాలే అనువైన సమయం.

ఈ జాతి పుట్టిల్లు ఏదన్న ప్రశ్న మీద ఏకాభిప్రాయం లేదు. మనుషులతో కలిసి ఎంతో కాలంగా ప్రయాణిస్తూ ఉండటమే అందుకు కారణం. పసిఫిక్ మహాసముద్రంలో ఈ ప్రయాణానికి అద్భుతమైన సాక్ష్యం ఉంది. సాలమన్ దీవులకు చెందిన టికోపియాలో జరిగిన తవ్వకాల్లో దొరికిన నేల నత్తలను కార్ల్ క్రిస్టెన్సెన్, పాట్రిక్ కిర్చ్ పరిశీలించి 1981లో ఫలితాలు ప్రచురించారు. యూరోపియన్ల రాకకు ముందరి పొరల్లోనే ఈ నత్త గుల్లలు ఉన్నాయి. నత్త తనంతట తాను సముద్రం దాటదు. కంద మొక్కల వేళ్లకు అంటిన మట్టితో పాటు పడవల్లో వచ్చి ఉండాలి. అంటే, ఒక పొరలో ఈ గుల్ల కనిపించడం అక్కడ మనుషులు మొక్కలు నాటి సాగు చేశారనడానికి సూచన. ఇంత పెద్ద వాదం కొన్ని మిల్లీమీటర్ల గుల్ల గుర్తింపు మీద ఆధారపడి ఉంది. ఆ గుల్ల స్థానిక జాతిదని తేలితే వాదమంతా కూలిపోతుంది.

ఈనాడు అదే ప్రయాణం పూలకుండీల్లో సాగుతోంది. చలి దేశాల్లో సైతం వెచ్చగా ఉంచిన గాజు గృహాల్లో ఈ నత్తలు స్థిరపడ్డాయి. తూర్పు గోదావరి జిల్లా కడియం చుట్టుపక్కల నర్సరీల వంటి కేంద్రాల నుంచి మొక్కలు మట్టితో సహా దూర ప్రాంతాలకు వెళ్తాయి కాబట్టి, అలాంటి మట్టిలో ఏయే నత్తలు ఉన్నాయో సరైన పేర్లతో నమోదు చేయడం మొక్కల వ్యాపారానికీ, స్థానిక జీవజాల రక్షణకూ అవసరమైన పని.

ఈ సమూహపు నత్తలకు పరాన్నజీవుల పరంగా కూడా ప్రాధాన్యం ఉంది. పిల్లుల కాలేయంలో చేరే ప్లాటినోసోమం అనే పురుగుకు సుబులినా ఆక్టోనా తొలి ఆశ్రయం. ఎలుకల ఊపిరితిత్తుల పురుగు పిల్లదశలు అనేక రకాల నేల నత్తల్లో పెరుగుతాయి, అవి మనిషి శరీరంలోకి చేరితే మెదడు పొరల వాపు రావచ్చు. కాబట్టి బతికి ఉన్న నత్తలను పట్టుకున్న తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తోట నుంచి తెచ్చిన ఆకుకూరలను శుభ్రంగా కడిగే వండుకోవాలి.

సేకరణ, భద్రపరచడం

ఇంత చిన్న నత్తలను ఒక్కొక్కటిగా ఏరుకోవడం కన్నా, నేల మీది ఆకుల చెత్తను పై మట్టితో సహా సంచిలోకి తీసుకుని, నీడలో ఆరబెట్టి, పెద్ద కన్నుల జల్లెడ నుంచి చిన్న కన్నుల జల్లెడ వరకు వరుసగా జల్లించి, మిగిలినదాన్ని తెల్లని పళ్లెంలో పరచి భూతద్దంతో వెతకడం ఫలవంతమైన పద్ధతి. బతికున్న నత్తల శరీరాన్ని పరిశీలించాలంటే, మరిగించి చల్లార్చిన నీటితో అంచుదాకా నింపి మూత బిగించిన సీసాలో రాత్రంతా ఉంచితే అవి గుల్లలోకి ముడుచుకోకుండా సాగిన స్థితిలో చనిపోతాయి. ఆ తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చాలి. జన్యు పరీక్షకు ఉద్దేశించినవాటిని ఇంకా గాఢమైన ఆల్కహాలులో ఉంచాలి. ఫార్మలిన్ వాడకూడదు, దానిలోని ఆమ్లం గుల్లను తినేస్తుంది. పొడి గుల్లలను చెక్క పెట్టెల్లో దీర్ఘకాలం ఉంచినా, చెక్క నుంచి వెలువడే ఆమ్ల ఆవిర్ల వల్ల గుల్ల మీద తెల్లని పొడి పట్టి క్రమంగా అది పాడైపోతుంది.

నమూనాతో పాటు చీటీ లేకపోతే నమూనాకు విలువ లేదు. ఊరు, జిల్లా, ఖచ్చితమైన స్థలం, తేదీ, సేకరించినవారి పేరు, ఏ చెట్టు కింద లేదా ఏ రాతి కింద దొరికిందన్న వివరం, బతికున్నదా ఖాళీ గుల్లా అన్న సంగతి చెరగని సిరాతో రాసి గుల్లతో కలిపి ఉంచాలి. ఒకే చోట దొరికిన పిల్లలనూ పెద్దలనూ కలిపి సేకరిస్తే వరుస ఎదుగుదల కళ్లముందు కనిపిస్తుంది, ఒంటరి గుల్ల కన్నా అలాంటి గుంపు గుర్తింపుకు ఎంతో మేలు చేస్తుంది. భారతదేశపు నేల నత్తల జాబితాలో వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి. వాటి గుర్తింపుకు పరిశోధకులు ఇప్పటికీ 1908, 1914, 1921 సంవత్సరాల నాటి జంతుజాల సంపుటాల వైపే చూడవలసి వస్తోంది. తెలుగు జిల్లాల చిన్న నత్తల మీద కొత్త పరిశీలన చేయదలచిన విద్యార్థికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక జల్లెడ, ఒక భూతద్దం, మిల్లీమీటరు కొలబద్ద ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఎదిగిన, తాజా, అడుగు చెదరని గుల్ల దొరికినప్పుడే దానికి అల్లోపియస్ గ్రాసిలే అని రాయాలి. అక్ష స్తంభం విరిగిన గుల్లకు, అరిగి తెల్లబడిన గుల్లకు, మూడు నాలుగు చుట్ల ఒంటరి పిల్ల గుల్లకు ఉపకుటుంబం పేరు రాసి అక్కడితో ఆపాలి.